ఎండాకాలంలో పొట్టేలుకి హార్మోన్ ఇంజెక్షన్ వేయించాలా, వద్దా?

పాలమూరు_మంద:

అందరికీ నమస్తే. మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట వైపు. 2017 గొర్రెల పథకంలో నాన్నకు వచ్చిన యూనిట్‌తో మొదలుపెట్టాం, అంటే 20 ఆడవి, ఒక పొట్టేలు. ఇప్పుడు ఈనే గొర్రెలు ఎనభై దాకా ఉన్నాయి, ఎక్కువ నెల్లూరు జోడిపి జాతి, కొన్నిట్లో దక్కని జాతి కలిసింది. విత్తనపు పొట్టేళ్లు మూడు.

మా దగ్గర తొలకరి పడి పచ్చిక లేచాక గొర్రెలు ఎదకొస్తాయి, కార్తీకం నుంచి పుష్యం లోపు చాలావరకు ఈనేస్తాయి. మార్చి వచ్చేసరికి పిల్లలు పాలు మానేస్తాయి, అక్కడి నుంచి జూన్ దాకా తల్లులు ఊరికే ఉంటాయి. ఆ నెలలు పోగొట్టుకోకుండా మార్చి, ఏప్రిల్‌లోనే మళ్లీ చూలు కట్టిస్తే ఆగస్టు, సెప్టెంబర్‌లో ఈనతాయి, అప్పుడు మేతకి కొదవ ఉండదు, రెండేళ్లకు మూడు ఈతలు వస్తాయి అని నా లెక్క. ఆ పిల్లలు పై ఏడాది బక్రీద్‌కి, బోనాలకి తూకానికి వస్తాయి కూడా.

కానీ మార్చి దాటితే మా పొట్టేళ్లు పనిచేయవు. పొద్దంతా చెట్టుకింద పడి రొప్పుతుంటాయి, ఒకటి మాత్రం దాటుతుంది గానీ దాటిన గొర్రెలు రెండున్నర వారాలకి మళ్లీ ఎదకొచ్చి పొర్లుతున్నాయి. పశువుల మందుల షాపులో అడిగితే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ నెలకొకటి వేయించు, పొట్టేలు దూకుతుంది అన్నారు. ఇంకోపక్క న్యూజిలాండ్‌లో పొట్టేలు చెవి వెనక ఏదో హార్మోన్ గుళిక పెట్టి సీజన్ కానప్పుడు కూడా కట్టిస్తారని వీడియో చూశాను. ఆడవాటికి స్పాంజీ పెడతారని కూడా విన్నాను.

వీటిలో మన దగ్గర ఏది పనికొస్తుంది? పొట్టేలుకి ఆ ఇంజెక్షన్ వేయించవచ్చా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఈసారి మార్చి లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

జోడిపి_కావలి:

ఇంజెక్షన్ జోలికి పోకు తమ్ముడూ. మా పక్క ఊళ్లో ఒకాయన వేయించాడు, పొట్టేలు బాగానే దూకింది, ఆ ఏడు మంద మొత్తం పొర్లింది. ఎందుకో డాక్టర్లు చెప్పాలి, నేను కళ్లతో చూసింది చెప్తున్నా.

పశువైద్యం_కర్నూలు:

నేను పశువైద్యుణ్ణి, కర్నూలు జిల్లాలో చేస్తున్నాను. పై అన్న చూసింది నిజమే, అలాగే జరుగుతుంది. కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న ప్రతి వేసవికి వస్తుంది, ప్రతి వేసవికి ఎవరో ఒకరు మంచి పొట్టేలుని పాడుచేసుకుంటారు.

పొట్టేలు బీజాల్లో వీర్యకణాలు తయారవ్వాలంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు రావాలి. ఎల్‌హెచ్ వస్తేనే బీజాలు సొంతంగా టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి, బీజాల లోపల అది రక్తంలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది, వీర్యకణాలకి కావలసింది ఆ మోతాదు. మీరు బయటినుంచి సూది వేస్తే రక్తంలో టెస్టోస్టెరాన్ పెరుగుతుంది, మెదడుకి ఇక చాలు అన్న కబురు అందుతుంది, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ తగ్గిపోతాయి. దాంతో బీజాలు సొంతంగా చేసేది ఆగిపోతుంది. పైకి పొట్టేలు హుషారుగా ఉంటుంది, ఎక్కుతుంది, దాటుతుంది, కానీ లోపల వీర్యకణాలు పడిపోతుంటాయి, నెలల తరబడి వేస్తే బీజాలు మెత్తబడి చిన్నవైపోతాయి. మీకు కావలసింది చూలు. ఈ ఇంజెక్షన్ ఇచ్చేది దూకుడు.

ఆపేశాక కూడా వెంటనే బాగవ్వదు. పొట్టేలులో ఒక వీర్యకణం మొదలై పూర్తవ్వడానికి సుమారు ఏడు వారాలు, ఆ తర్వాత బయటికొచ్చే నాళంలో పక్వానికి రావడానికి ఇంకో రెండు వారాల దాకా పడుతుంది. అంటే ఈరోజు మీరు చేసిన మంచైనా చెడైనా చూలులో కనబడేది రెండు నెలల తర్వాత. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతా అంతా అర్థమవుతుంది.

ఇక మీ పొట్టేళ్లు మార్చిలో ఎందుకు పడుకుంటున్నాయి? హార్మోన్ లోపం అనుకోకండి, ఎండ చూడండి. బీజాలు ఒంటి వేడి కన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి తిత్తిలో కిందికి వేలాడుతూ ఉంటాయి. పాలమూరు ఎండల్లో 40 డిగ్రీలు దాటినప్పుడు రోజంతా బయట తిప్పితే ఆ చల్లదనం నిలవదు, తయారీలో ఉన్న కణాలు దెబ్బతింటాయి. కోరిక ఉండి దాటినా చూలు నిలవకపోవడం అందుకే. జ్వరం వచ్చినా ఇంతే, నీలినాలుక రోగం వచ్చి తగ్గిన పొట్టేలుని రెండు నెలలు నమ్మకూడదు.

కాబట్టి మార్చిలో కట్టించాలంటే పని జనవరిలోనే మొదలవ్వాలి. మూడు పొట్టేళ్లని మంద నుంచి విడదీయండి. నట్టల మందు వేయించి, గిట్టలు కోయించి, రోజుకి పావుకిలో నుంచి అరకిలో దాకా దాణా పెట్టండి, జొన్న, తవుడు, వేరుశనగ చెక్క, ఖనిజ మిశ్రమం కలిపి. పచ్చిమేత లేకపోతే సుబాబుల్, అవిశ కొమ్మలు, తుమ్మకాయలు ఏది దొరికితే అది. మరీ కొవ్వెక్కనివ్వకండి, బరువెక్కిన పొట్టేలు ఎండకి ఇంకా ముందే చతికిలబడుతుంది. దక్కని రక్తం ఉన్నదానికి ఒంటి మీద, తిత్తి మీద ఉన్ని కత్తిరించాలి. మార్చి నుంచి పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం ఐదు తర్వాతే బయటికి, మధ్యలో నీడ, తాగినన్ని నీళ్లు. దాటించడం రాత్రిపూట, తెల్లవారుజామున పెట్టుకోండి.

ఒకసారి మీ దగ్గరి పశువైద్యశాలకి తీసుకెళ్లి బీజాలు చేత్తో పట్టి చూపించండి, రెండూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉండాలి. వీలైతే వీర్యపరీక్ష కూడా. మూడింట్లో ఒకటి పనికిరానిదైతే ఏ హార్మోన్ పెట్టినా దండగే.

ఇంకో చవకైన పని. జాజు, కాస్త నూనె కలిపి పొట్టేలు రొమ్ముకి పూయండి. దాటిన ప్రతి గొర్రె నడుము మీద ఎర్రమరక పడుతుంది. గొర్రె ఎద చక్రం 17 రోజులు, అందుకని 17 రోజులకి రంగు మార్చండి. మొదటి రంగు పడిన గొర్రెల్లో ఎక్కువ వాటికి రెండో రంగు కూడా పడిందంటే లోపం చాలావరకు పొట్టేలుదే. కొద్దిగా పడిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టు.

ఆడవాటి సంగతి తర్వాత రాస్తాను, ముందు న్యూజిలాండ్ గుళిక గురించి తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

దక్షిణద్వీపం_తెలుగు:

నేను చెప్తాను. సొంతూరు మిర్యాలగూడ, ఇక్కడ న్యూజిలాండ్ దక్షిణ కొసన ఇన్వర్‌కార్గిల్ దగ్గర గొర్రెల ఫారంలో చేస్తున్నాను.

మీరు వీడియోలో చూసింది మెలటోనిన్ గుళిక. బియ్యపుగింజ కన్నా చిన్నది, 18 మిల్లీగ్రాముల మందు, చెవి మొదట్లో చర్మం కింద పెడతారు. ఆడదానికి ఒకటి, పొట్టేలుకి మూడు. మెలటోనిన్ అంటే చీకట్లో మెదడులోని పీనియల్ గ్రంథి వదిలే హార్మోన్. రాత్రి ఎంత పొడవుంటే అది అంతసేపు వస్తుంది, దాన్నిబట్టి గొర్రె ఒంటికి ఇది ఏ కాలమో తెలుస్తుంది. ఇక్కడి రోమ్నీ లాంటి జాతులు పగలు తగ్గుతూ రాత్రి పెరిగేటప్పుడు మాత్రమే ఎదకొస్తాయి, అంటే మార్చి, ఏప్రిల్, మే నెలల్లో, మనకి ఇక్కడ అది చలికాలం ముందు. ఆగస్టు, సెప్టెంబర్‌లో వసంతం గడ్డి లేచేసరికి ఈనతాయి. మిగతా కాలంలో ఆడవి ఎదకి రావు, పొట్టేళ్ల బీజాలు కూడా చిన్నవైపోయి కోరిక తగ్గిపోతుంది. గుళిక పెడితే ఒంట్లో రాత్రింబవళ్లు మెలటోనిన్ ఉంటుంది, గొర్రె పొడవు రాత్రుల కాలం వచ్చేసిందని అనుకుంటుంది. అందుకే సీజన్ ముందుకు జరుగుతుంది. ఊరికే పెట్టేస్తే కాదు, ఆడవాటిని పొట్టేళ్ల వాసన కూడా తగలనంత దూరం పెట్టి, ముప్పై నలభై రోజుల తర్వాత కలపాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా దగ్గర ఎండాకాలంలో పగలు దాదాపు 16 గంటలు, చలికాలంలో ఎనిమిదిన్నర. మన హైదరాబాద్ దగ్గర పెద్ద పగలు 13 గంటల పైన కొంచెం, చిన్న పగలు 11 గంటలు. రెండు గంటల తేడా మాత్రమే. మన గొర్రెలు తరతరాలుగా ఆ తేడాతోనే బతికాయి, అవి వెలుతురుని పెద్దగా పట్టించుకోవు, మేతని, వానని, ఎండని పట్టించుకుంటాయి. మీ గొర్రెలు తొలకరి తర్వాత ఎదకొస్తున్నాయంటే అప్పటికి పగలు ఏడాదిలోనే అతిపెద్దగా ఉంటుంది, మా లెక్కన అసలు ఎదకి రాకూడని కాలం అది! అంటే వాటిని ఆపుతున్నది వెలుతురు కాదు. లేని అడ్డం తీయడానికి మందు ఎందుకు?

ఇంకొకటి, వెలుతురుతోనే చేసే పని కూడా ఉంది. ఉత్తర మెక్సికోలో మేకపోతులని చలికాలంలో రెండున్నర నెలలు రోజుకి 16 గంటల వెలుతురులో ఉంచి, తర్వాత మామూలు పగటికి వదిలేస్తారు. వసంతానికి అవి మంచి ఊపు మీదుంటాయి, సీజన్ కాని మేకల్లో వదిలితే ఆడవాటిని కూడా ఎదకి తెస్తాయి. మామూలు పోతులు వదిలితే అవి ఆ పని చేయలేవు. దీన్ని మన దగ్గర చెయ్యమని చెప్పడం లేదు. మగది ఊపు మీదుంటే ఆడవి కదులుతాయి అన్నది అక్కడా ఇక్కడా ఒకటే, అది మీరు వాడుకోవచ్చు. డాక్టర్ గారు రాస్తారనుకుంటా.

పశువైద్యం_కర్నూలు:

చాలా బాగా చెప్పారు, ఆ చివరి మాట దగ్గరి నుంచే మొదలుపెడతాను.

ఆడగొర్రెలు చాలాకాలం మగదాన్ని చూడకుండా ఉండి, ఒక్కసారిగా చురుకైన కొత్త పొట్టేలు వాటి మధ్యకి వస్తే, దాని వాసన, చూపు, అరుపు, వెంటపడటం అన్నీ కలిసి ఆడవాటి మెదడుని కదిలిస్తాయి. కొద్దిసేపట్లోనే ఎల్‌హెచ్ పెరగడం మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో మెరినో జాతి గొర్రెల మందల్లో దీన్ని గమనించి 1944లోనే రాశారు. మందు ఖర్చు లేదు, ఇంజెక్షన్ లేదు.

ఇందులో ఒక కిటుకు ఉంది, తెలియకపోతే పని జరగలేదని వదిలేస్తారు. మొదటిసారి విడుదలయ్యే అండంతో ఎద లక్షణాలు బయటికి కనబడవు, గొర్రె పొట్టేలుని నిలవనివ్వదు. కొన్నిట్లో తర్వాతి చక్రం ఐదారు రోజులకే ముగిసిపోయి మళ్లీ మొదలవుతుంది. అందువల్ల అసలైన ఎద రెండు విడతలుగా వస్తుంది, పొట్టేలు కలిసిన 17 నుంచి 20 రోజుల మధ్య కొన్ని, 23 నుంచి 26 రోజుల మధ్య కొన్ని. మొదటి రెండు వారాలు మరకలు పడలేదని కంగారుపడకండి.

మన మందల్లో ఇది ఎందుకు కనబడదంటే పొట్టేలు ఏడాది పొడుగునా మందలోనే తిరుగుతుంది, ఆడవి దానికి అలవాటుపడిపోతాయి. కనీసం నెల రోజులు విడిగా ఉంచాలి, పక్కదొడ్డిలో కాదు, వేరే పొలంలో, గాలికి వాసన రానంత దూరంలో. కుదరకపోతే వేరే ఊరి మందతో పొట్టేళ్లు మార్చుకోండి, కొత్తదైతే దూరం కొంచెం తగ్గినా పనిచేస్తుంది. మేనరికం కూడా తప్పుతుంది, రెండేళ్లకి మించి ఒకే పొట్టేలు ఉంటే తన కూతుళ్లనే దాటుతుంది కదా.

ఆ టెస్టోస్టెరాన్‌కి ఒకే ఒక్క సరైన చోటుంది, అది ఇక్కడ. విత్తులు కొట్టిన మగదానికి డాక్టర్ చేత కొన్ని డోసులు వేయిస్తే అది పొట్టేలులా ప్రవర్తిస్తుంది, వెంటపడుతుంది, ఎక్కుతుంది, చూలు మాత్రం చేయలేదు. దాన్ని ముందు రెండు వారాలు మందలో వదిలి ఆడవాటిని కదిలించి, తర్వాత అసలు పొట్టేళ్లని వదలొచ్చు. అసలువి ఎండలో ఊరికే తిరిగి అలిసిపోవు. ఇదే పనికి నాళాలు కత్తిరించిన పొట్టేలుని కూడా వాడతారు, అది ఇంకా మేలు, ఒకసారి ఆపరేషన్ చేయిస్తే మళ్లీ మళ్లీ సూదులు అక్కర్లేదు. ఆపరేషన్ తర్వాత ఆరు వారాలైనా ఆగాకే వదలండి, లోపల మిగిలిన కణాలు పోవాలి.

అనంత_గొర్రెలకాపరి:

డాక్టర్ గారు చెప్పింది బాగుంది, కానీ నాదొక మాట. మాది అనంతపురం జిల్లా, మా నాయన, తాత అందరూ జీవాల మీదే బతికినాము. రెండేళ్లకి మూడు ఈతలు అని కాగితం మీద రాసుకోవడం తేలిక. ఐదు నెలలు మోస్తుంది, మూడు నెలలు పాలిస్తుంది, ఎనిమిది. మళ్లీ వెంటనే మోయాలంటే ఆ గొర్రె తినాల కదా. మార్చి, ఏప్రిల్, మే మా సీమలో బీళ్లలో గడ్డిపరక ఉండదు, చేలు కోసినాక మిగిలిన ఆకు అలము కూడా అయిపోయుంటుంది. ఆ మూడు నెలలు కొనుక్కొచ్చి పెట్టగలవా? పెట్టకపోతే చూలు కట్టినా ఈసుకుపోతుంది, అంటే నెలలు నిండకుండానే చూలు పోతుంది, లేదంటే చేతిలో పట్టేంత పిల్ల పుడుతుంది, తల్లికి పాలుండవు. పాలు లేని పిల్లని బతికించడం నీకు తెలిసిందే.

ఎదకి రాకపోవడం దానికి తెలియక కాదు, ఒంట్లో లేక. వీపు మీద చెయ్యి పెట్టి చూడు, ఎముక కొనలు గుచ్చుకుంటుంటే దాన్ని వదిలెయ్, జూన్ దాకా తిరగనీ. మందలో మంచి ఒళ్లున్నవి పావు వంతు ఉంటే ఎక్కువ. వాటితోనే చెయ్. ఎనభైటికీ చేయాలనుకుంటే నష్టపోతావు నాయనా.

పాలమూరు_మంద:

పెద్దాయనా, మీరు చెప్పింది నిజం, ఎనభైటికీ పెట్టే శక్తి నాకు లేదు. బోరు కింద ఒక ఎకరం సూపర్ నేపియర్ గడ్డి, గట్ల మీద సుబాబుల్ ఉన్నాయి, దాంతో పాతిక గొర్రెలకి నెట్టుకురాగలను అనుకుంటున్నా.

డాక్టర్ గారూ, ఇంజెక్షన్ ఆలోచన మానేశాను. పొట్టేళ్లని జనవరిలో మా మేనమామ వాళ్ల పొలంలో పెడతాను, అది మూడు కిలోమీటర్ల దూరం. ఇంక రెండు డౌట్లు. ఆ పాతికకి స్పాంజీ పెట్టించాలా, పొట్టేలు మార్పిడి ఒక్కటే చాలా? షాపులో ప్రోస్టాగ్లాండిన్ ఇంజెక్షన్ కూడా ఉందన్నారు, అది స్పాంజీ కన్నా చవక అంట, అది వాడొచ్చా?

పశువైద్యం_కర్నూలు:

పాతిక అనుకోవడం మంచి నిర్ణయం. పెద్దాయన వీపు పట్టి చూడమన్నారే, మేము ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేసేది కూడా అలాగే, మూడు దగ్గర ఉన్నవాటినే తీసుకోండి. పిల్లలు ఇంకా పాలు తాగుతున్న తల్లుల్ని కూడా వదిలేయండి, పాలిచ్చేటప్పుడు ఎద ఆలస్యమవుతుంది. ఎంచుకున్న వాటికి కలపబోయే మూడు నాలుగు వారాల ముందు నుంచి రోజుకి పావుకిలో దాణా అదనంగా పెట్టండి, కలిపాక కూడా రెండు మూడు వారాలు ఆపొద్దు. కవలలు పుట్టే అవకాశం కూడా దీంతో కొంత పెరుగుతుంది, నెల్లూరు జాతిలో ఎక్కువ ఆశించకండి.

ప్రోస్టాగ్లాండిన్ వద్దు. అది అండం విడుదలయ్యాక అండాశయం మీద ఏర్పడే పసుపు గ్రంథిని కరిగించి ఎదకి తెస్తుంది, అంటే చక్రం ఇప్పటికే నడుస్తున్న గొర్రెకే పనిచేస్తుంది. చక్రం ఆగిపోయిన గొర్రెలో కరిగించడానికి ఏమీ ఉండదు. అంతకన్నా ముఖ్యం, మందలో తెలియకుండా చూలుతో ఉన్నదానికి వేస్తే ఈసుకుపోతుంది. పొట్టేలు ఏడాదంతా మందలో తిరిగిన చోట ఏది చూలో ఏది కాదో స్కాన్ చేయకుండా చెప్పలేం. ఇంకో సంగతి, గర్భంతో ఉన్న ఆడవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ మందుని ముట్టుకోకూడదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది.

స్పాంజీ పనిచేస్తుంది, చక్రం ఆగిన గొర్రెలో కూడా. ప్రొజెస్టెరాన్ రకం మందు పట్టించిన స్పాంజీని యోనిలో 12 నుంచి 14 రోజులు ఉంచి తీసేస్తారు, తీసిన రోజునే ఈసీజీ అనే హార్మోన్ 300 నుంచి 500 యూనిట్లు ఇంజెక్షన్ వేస్తారు. ఒకటి రెండు రోజుల్లో దాదాపు అన్నీ ఒకేసారి ఎదకొస్తాయి. మన దేశంలో రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెల పరిశోధన సంస్థ తయారుచేసిన స్పాంజీలు ఉన్నాయి, బయటివాటి కన్నా చవక. గ్లవ్స్ లేకుండా పెట్టకూడదు, శుభ్రత తప్పితే ఇన్ఫెక్షన్ వస్తుంది. తీసేటప్పుడు కొంచెం వాసన, చీము లాంటి నీరు వస్తే భయపడకండి, అది మామూలే. ఎప్పుడూ ఈనని పడ్డలకి పెట్టొద్దు.

అయితే మీ చోట నేను మొదటిసారే స్పాంజీ పెట్టించను. కారణం పొట్టేళ్లే. మామూలుగా ఒక పొట్టేలు 25, 30 గొర్రెలకి చాలుతుంది, కానీ పాతిక గొర్రెలు రెండు రోజుల్లో ఎదకొస్తే ఎండాకాలంలో ఒక పొట్టేలు ఐదారింటికి మించి న్యాయం చేయలేదు. మీకున్నవి మూడు, వాటిలో ఎన్ని గట్టివో ఇంకా తెలియదు. స్పాంజీ ఖర్చుపెట్టి, ఈసీజీ ఖర్చుపెట్టి, వీర్యం దగ్గర ఆగిపోతారు. కృత్రిమ గర్భధారణ ఉంది కదా అనొచ్చు, గొర్రెల్లో గర్భాశయ ముఖద్వారం మెలికలు తిరిగి ఉంటుంది, ఆవుకి వేసినట్టు ఫ్రోజెన్ వీర్యం గన్‌తో లోపలికి పంపలేం, పొట్టలోంచి లాపరోస్కోపీ చేయాలి, లేదంటే అప్పటికప్పుడు తీసిన తాజా వీర్యం వాడాలి. మండలస్థాయిలో అది ఎక్కడా జరగదు.

ఈసీజీ గురించి నా సొంత అభిప్రాయం కూడా చెప్తాను. అది చూలుతో ఉన్న గుర్రాల రక్తం నుంచి తీసే మందు. అర్జెంటీనా, ఉరుగ్వే లాంటి దేశాల్లో అందుకోసమే గుర్రాలని పెంచి పదే పదే రక్తం తీస్తారు. ఒకే గొర్రెకి ఏటేటా వేస్తే దాని ఒంట్లో ఆ మందుకి ఎదురు పదార్థాలు పుట్టి ఫలితం తగ్గుతుంది కూడా. అవసరమైన చోట నేనూ వాడతాను, ఊరికే వాడటం మాత్రం నాకు నచ్చదు. దాణా, నీడ, పొట్టేలు మార్పిడితో జరిగే పనిని ముందు వాటితోనే చేసి చూడండి. ఈ ఏడు జాజు మరకలు రాసిపెట్టుకోండి, ఎన్ని ఎదకొచ్చాయి, ఎన్ని నిలిచాయి అని. ఎదకే రాకపోతే వచ్చే ఏడు స్పాంజీ మాట్లాడుకుందాం. ఎదకొచ్చి పొర్లితే పొట్టేలు మీద పని చేద్దాం.

వానాకాలం_పిల్లలు:

తమ్ముడూ, ఒక విషయం ఎవరూ అనలేదు. ఆగస్టు, సెప్టెంబర్‌లో మేతకి కొదవ లేదని రాశావు, నిజమే, కానీ అప్పుడు పుట్టిన పిల్లకి వాన, బురద ఉంటాయి. నేను సిద్దిపేట వైపు మా అత్తగారింట్లో నూరు జీవాలు చూసుకుంటాను, వానాకాలం పిల్లలు ఎక్కువ పోయేది న్యుమోనియాతో, తడి నేల మీద పడుకుని. ఈనేవాటికి ఎత్తుగా పలకల కొట్టం ఒకటి వేసుకో, పుట్టిన పిల్లకి బొడ్డు మీద అయోడిన్ పెట్టు, మొదటి గంటలోనే జున్నుపాలు తాగేలా చూడు. చిటుక రోగం టీకా తల్లులకి ఈనే ముందు నెలలో వేయిస్తే జున్నుపాల ద్వారా పిల్లలకీ కొంత కాపు ఉంటుంది. నట్టలు కూడా అప్పుడే విజృంభిస్తాయి, కొత్త పచ్చిక మీద పొద్దున్నే మంచు ఆరకముందు తోలకు. నీలినాలుక వచ్చేది కూడా వానల తర్వాతే, దోమ లాంటి చిన్న ఈగలతో, టీకా ముందే వేయించు.

పాతికకి మించి వద్దన్నది నేనూ ఒప్పుకుంటా. ఒక వారంలో పాతిక ఈనితేనే ఇంట్లో ఇద్దరికి నిద్ర ఉండదు.

పాలమూరు_మంద:

అక్కా, కొట్టం సంగతి నేను అసలు ఆలోచించలేదు, చాలా థాంక్స్. డాక్టర్ గారూ, చివరిగా ఒకటి. పక్క మండలంలో మా స్నేహితుడి మందతో ఒక పొట్టేలు మార్చుకుందాం అనుకుంటున్నాం. పైకి బాగానే ఉంది, ఆ మందలో పోయినేడు మూడు నాలుగు ఈసుకుపోయాయంట. తీసుకోవచ్చా?

పశువైద్యం_కర్నూలు:

ఆ మాట చెప్పి మంచి పని చేశారు. పరీక్ష లేకుండా తీసుకోకండి. ఈసుకుపోయిన మంద అంటే మొదటి అనుమానం బ్రుసెల్లా అనే అంటురోగం, పొట్టేలు పైకి ఆరోగ్యంగా కనబడుతూనే దాన్ని మోసుకొస్తుంది. రెండు మందల పొట్టేళ్ల రక్తం, ఆ ఈసుకుపోయిన తల్లుల రక్తం మీ పశువైద్యశాలలో తీయించి జిల్లా వ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కి పంపించమనండి, రోజ్ బెంగాల్ పరీక్ష అని అడగండి. ఫలితం వచ్చేదాకా ఆ పొట్టేలుని మీ దొడ్లోకి రానివ్వొద్దు. ఇది మనుషులకీ వస్తుంది, విడవని జ్వరం, కీళ్లనొప్పులు, మగవాళ్లకి బీజాల వాపు. మీ స్నేహితుడికి కూడా చెప్పండి, ఈసుకుపోయిన పిండాన్ని, మాయని వట్టిచేతులతో ఎత్తొద్దని, కుక్కలకి వేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చమని. వాళ్లింట్లో ఎవరికైనా వారాల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉంటే డాక్టర్‌కి గొర్రెల సంగతి చెప్పి రక్తపరీక్ష చేయించుకోమనండి.

పరీక్షలో తేడా వస్తే ఆ పొట్టేలు వద్దు, వేరే మంద వెతుకుదాం, జనవరికి ఇంకా టైముంది.